భయంతో గీసిన గీత

“ఇందులో నేను ఎవర్ని?”

కూతురు ఈ మాట అడగడం ఇది మూడోసారి. కంచాలు పెట్టాల్సిన బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచి కూర్చుంది. రెండింటి మీదా మనిషి తల లోపలి బొమ్మలు, నలుపూ తెలుపూ. ఒక్కో బొమ్మలో ఒక చిన్న భాగం చుట్టూ ఎర్రటి గీత, కింద తల్లి చేతిరాతలో ఒక అంకె. పేర్లు లేవు. అవి దొరికిన కవరు మీద మాత్రం పెన్సిల్‌తో ‘తమ్ముడు, పిల్ల’ అని రాసి ఉంది.

అరిచి అడిగినా బాగుండేది. అరుపుకైతే ఎదురు అరవొచ్చు. ఈ పిల్ల కిటికీ దగ్గర టికెట్టు అడిగినంత నింపాదిగా అడుగుతోంది.

“నా బీరువా ఎందుకు తెరిచావు?” అంది తల్లి.

“సోమవారం నా ప్రయాణం. నా సర్టిఫికెట్లు నీ బీరువాలో ఉన్నాయి. తెరవక ఏం చెయ్యను?”

“నన్నడిగితే తీసిచ్చేదాన్ని కదా.”

“అడుగుతూనే ఉన్నాను కదమ్మా. నేను ఎవర్ని?”

తల్లి గరిటె కింద పెట్టింది. పెట్టిన చోటు నుంచి తీసి ఇంకో చోట పెట్టింది.

“ఎడమ పక్కది మీ మామయ్యది. కుడి పక్కది నీది.”

బల్ల ఆ చివర కూర్చున్న తండ్రి కళ్ళద్దాలు తీశాడు. ఆయనకు కళ్ళద్దాల షాపుంది. ఊళ్ళో సగం మంది ముక్కుల మీద ఆయన బిగించిన ఫ్రేములే. మాట తోచనప్పుడు తన అద్దాలు తీసి చొక్కా కొసతో తుడవడం ఆయన అలవాటు. ఈ సాయంత్రం ఇప్పటికి నాలుగుసార్లు తుడిచాడు. ఇంకా మసకగానే ఉన్నట్టుంది.

“ఈ అంకెలేంటి?”

“గీత లోపలున్న భాగం కొలత.”

“నాది రెండువేల తొమ్మిదొందల యాభై. మామయ్యది రెండువేల తొమ్మిదొందలు. మామూలు వాళ్ళకెంత ఉంటుంది?”

“అందరికీ ఒకలా ఉండదు.”

“సగటు అడుగుతున్నాను.”

“మూడువేల నాలుగొందలు.”

కూతురు తల ఊపింది. లెక్కల్లో అది ఎప్పుడూ చురుకే. ఎంత తేడా, ఎవరికి దగ్గర, ఎవరికి దూరం అని విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఈ ఇంటావిడ ఉద్యోగమే ఆ గీతలు గీయడం. మెదడు జబ్బుల మీద పరిశోధన చేసే చోట పదిహేడేళ్ళుగా పని చేస్తోంది. స్కానింగు బొమ్మలు ఒక్కో పొరగా తెర మీదికి వస్తాయి. చెవికి లోపలి వైపు, జీడిపప్పు ఆకారంలో ఒక భాగం ఉంటుంది. డాక్టర్లకు దానికో పొడుగాటి పేరుంది, గీతలు గీసేవాళ్ళు మాత్రం జీడిపప్పు అనే అంటారు. దాని చుట్టూ జాగ్రత్తగా గీత గీస్తే అది ఎంతుందో కంప్యూటరు లెక్క కడుతుంది. మనసు చెదిరే జబ్బులున్న వాళ్ళకు అది కాస్త చిన్నదిగా ఉంటుందా, ఆ జబ్బు వచ్చే అవకాశం రక్తంలో పుట్టుకతో తెచ్చుకున్న వాళ్ళకు కూడా అలాగే ఉంటుందా అన్నది అక్కడి పెద్ద ప్రశ్న.

ఆవిడ తమ్ముడికి ఆ జబ్బు వచ్చింది. పంతొమ్మిదో ఏట వచ్చింది. ఈ పిల్లకు మొన్ననే పంతొమ్మిది నిండాయి.

“కొత్త మెషీను వచ్చింది, సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ తల కావాలి, వచ్చి అరగంట పడుకో అన్నావు,” అంది కూతురు. “నా తలకి ఎంత మర్యాదో అనుకున్నాను. వెళ్ళే ముందు తలస్నానం కూడా చేశాను.”

“నాతో కూడా అదే చెప్పింది,” అన్నాడు తండ్రి.

“మీరు ఊరుకోండి.”

“ఇంతసేపూ ఊరుకునే ఉన్నాను.”

“ఎందుకు చేశావమ్మా?”

తల్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. నాలుగు నెలలుగా కడుపులో దాచిన మాట, దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. “నువ్వు గదిలో ఒక్కదానివే మాట్లాడుతున్నావు,” అంది చివరికి.

“ఎప్పుడు?”

“రోజూ. తలుపు దగ్గర నిలబడి విన్నాను. ‘ఎరుపు, ఆగాలి. ఆగాను. పసుపు, చూశాను.’ ఎవరికో జవాబు చెప్తున్నట్టు. చెవుల్లో ఎప్పుడూ ఆ వైర్లు. పిలిస్తే పలకవు. తమ్ముడు కూడా అంతే. ముందు చెవుల్లో దూది పెట్టుకున్నాడు, తర్వాత తనలో తను మాట్లాడుకున్నాడు, తర్వాత…”

కూతురు నవ్వింది. నవ్వులో సంతోషం లేదు. “అమ్మా, అవి సిగ్నళ్ళు. రైలు నడిపేవాళ్ళు సిగ్నల్ కనబడగానే పైకి చెప్పాలి. చూశానని నోటితో అంటే చెయ్యి పొరపాటు చెయ్యదట. అలవాటవ్వాలని ముందునుంచే చెప్పుకుంటున్నాను. చెవుల్లో వైర్లు ఆ పాఠాలే.”

“నాకు ఆ సంగతి చెప్పాలి కదా.”

“నువ్వు తలుపు కొట్టాలి కదా.”

తండ్రి పెదవి వంకర పోయింది. నవ్వు ఆపుకోవడానికో ఏడుపు ఆపుకోవడానికో తెలియదు. ఆ పిల్లను చిన్నప్పటి నుంచి ‘ఇంజనమ్మా’ అని పిలిచింది ఆయనే. నాలుగేళ్ళ వయసులో కుర్చీలు వరసగా పేర్చి, తాను ముందు కూర్చుని, వెనక ఎవరూ లేనప్పుడు కూడా ‘ఎక్కండి, ఎక్కండి’ అనేది. ఇప్పుడు నిజంగా రైలు నడపడం నేర్పే బడిలో సీటొచ్చింది. రెండేళ్ళ చదువు, దూరపు ఊరు. సోమవారం బయల్దేరాలి.

“ఇప్పుడు తెలిసింది కదా, ఇక వదిలెయ్,” అన్నాడు తండ్రి భార్యతో.

అక్కడితో వదిలేసి ఉంటే గోటితో పోయేది. కానీ భయం నోట్లో నువ్వుగింజ నాననివ్వదు.

“ఎలా వదలను? ఇవాళ సిగ్నళ్ళే కావచ్చు. రేపు? రెండేళ్ళు మా కంటికి కనబడవు. ఎవరు చూస్తారు నిన్ను? నీ వెనక పెట్టెల్లో వెయ్యి మంది కూర్చుని ఉంటారు. దారి మధ్యలో నీకేదైనా అయితే? తమ్ముడికి ఒక్క వారంలో వచ్చింది. సోమవారం నాకు ఫోన్లో జోకు చెప్పాడు. ఆదివారానికి నన్నే గుర్తుపట్టలేదు.”

పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చింది. తండ్రి లేచి వెళ్ళి కట్టేసి వచ్చాడు.

కూతురు రెండు కాగితాలూ దగ్గరకు లాక్కుని చాలాసేపు చూసింది. ఎర్ర గీతల మీద వేలు పెట్టి ఒకసారి మామయ్యది, ఒకసారి తనది చుట్టూ తిప్పింది.

“నువ్వు పదిహేడేళ్ళుగా ఇవే చూస్తున్నావు,” అంది మెల్లగా. “నాకంటే నీకే తెలుస్తుంది. సరే. నేను వెళ్ళను.”

“ఏంటి?”

“వెళ్ళను. రేపు శనివారం, వాళ్ళ ఆఫీసు మధ్యాహ్నం రెండింటిదాకా ఉంటుంది. ఫోన్ చేసి రానని చెప్పేస్తాను. నా తర్వాత లిస్టులో ఉన్నవాళ్ళెవరో సంతోషిస్తారు.”

గదిలోకి వెళ్ళింది. పెట్టె జిప్పు తీస్తున్న చప్పుడు, మడతపెట్టిన బట్టలు మళ్ళీ అలమరలో పడుతున్న చప్పుడు బయటికి వినబడింది.

తల్లి కోరుకున్నది సరిగ్గా ఇదే. రొట్టె విరిగి నేతిలో పడింది. మరి సంతోషం ఎందుకు కలగలేదో ఆవిడకు అర్థం కాలేదు.

వంటగదిలో గిన్నెలు కడుగుతుంటే తండ్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

“నేను కళ్ళు పరీక్ష చేసేటప్పుడు ఒక అద్దం పెడతాను, తీసి ఇంకో అద్దం పెడతాను,” అన్నాడు. “ప్రతిసారీ ఎదుటివాళ్ళనే అడుగుతాను, ఇది బాగుందా, అది బాగుందా అని. పాతికేళ్ళ అనుభవముంది కదా అని నా అంతట నేను తేల్చను. నువ్వు దాన్ని ఒక్క మాటైనా అడిగావా?”

“అడిగితే భయపడుతుందని…”

“ఇప్పుడు భయపడటం లేదా?”

ఆవిడ కుళాయి ఇంకాస్త పెద్దది చేసింది. నీళ్ళ చప్పుడులో జవాబు చెప్పకపోయినా చెల్లుతుంది. వెనక్కి తిరిగి చూసేసరికి గుమ్మంలో ఆయన లేడు.

*

తెల్లవారి కాఫీలు తాగేటప్పుడు కూతురు అడిగింది, కప్పులోకి చూస్తూనే. “అమ్మా, నిద్రపట్టబోయే ముందు ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు అనిపిస్తుంది కదా, అది అందరికీ అనిపిస్తుందా?”

తల్లి చేతిలో కప్పు ఆగింది. “అందరికీ అనిపిస్తుంది.”

“నిజంగానా, లేక నాకోసం చెప్తున్నావా?”

“నిజంగానే.”

“ఎప్పటినుంచో ఉంది నాకు. ఎప్పుడూ పట్టించుకోలేదు.” కాఫీ ఒక గుటక తాగింది. “ఇకమీద పట్టించుకోవాలేమో.”

నిన్నటిదాకా ఈ పిల్లకు తన తల ఒక తల. జుట్టు దువ్వుకోవడానికి, పాఠాలు పెట్టుకోవడానికి. రాత్రికి రాత్రి అది కాపలా కాయాల్సిన కొంప అయి కూర్చుంది. ఆ కాపలా ఉద్యోగం ఇచ్చింది ఎవరో తల్లికి తెలుసు. కప్పు పూర్తి చెయ్యకుండానే చెప్పులేసుకుని బయల్దేరింది.

*

శనివారం కాబట్టి పరిశోధన కేంద్రంలో పెద్ద డాక్టర్లు లేరు. గీతల గదిలో తాత ఒక్కడే ఉన్నాడు. ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎవరూ వాడరు. ఆవిడకు గీత గీయడం నేర్పింది ఆయనే. రిటైరై మూడేళ్ళయినా వారానికి రెండు రోజులు వచ్చి కూర్చుంటాడు. ఇంట్లో కూర్చుంటే గోడల మీద కూడా గీతలు గీస్తానని మా ఆవిడ తరిమేస్తోంది అంటాడు.

ఆ గదికి ఒక కట్టుబాటు ఉంది. బొమ్మ ఎవరిదో గీసేవాళ్ళకు తెలియకూడదు. పేరు, వయసు, జబ్బు ఉందా లేదా, అన్నీ తీసేసి ఒక నంబరు మాత్రం ఇస్తారు. తెలిసినవాళ్ళ బొమ్మ అని అనుమానం వచ్చినా చెయ్యి తీసెయ్యాలి, ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఆవిడే ఈ మాట పదేసి సార్లు చెప్తుంది. చెప్పేవాళ్ళు చేస్తారని ఎక్కడా రాసి లేదు.

“నాకోసం ఒకటి గీసి పెడతారా?” అంది. “నంబరు మాత్రమే ఇస్తాను.”

తాత కళ్ళజోడు మీదుగా చూశాడు. “ఎవరిదో అడగకూడదన్నమాట.”

“మీరే కదా నేర్పారు.”

“నేర్పినవి నీకు ఈ మధ్య గుర్తున్నట్టు లేదే,” అన్నాడు. అయినా జరిగి తెర ముందు కూర్చున్నాడు.

ఒక్కో పొరా తెర మీదికి వస్తోంది. తాత చెయ్యి తొందరపడదు. ఒక గీత గీస్తాడు, వెనక్కి వాలి చూస్తాడు, కొంచెం చెరుపుతాడు, మళ్ళీ గీస్తాడు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి కింద ఖాళీ సైకిళ్ళ స్టాండు వైపు చూసింది. ఈ గదిలో ఆవిడ ఎన్ని వందల మంది తలల్లోకి తొంగి చూసిందో. తన మనసులో ఏముందో అడిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఆవిడా ఎవరికీ చెప్పలేదనుకోండి.

ముప్పావు గంటకు తాత పిలిచాడు. “మూడువేల మూడొందల పది.”

ఆవిడ కుర్చీ వీపు పట్టుకుంది. “ఇంకోసారి చూడండి.”

“చూశాను. ఇదిగో, దీని మీద ముందే ఒక గీత ఉంది, మూడు వారాల కిందట గీసినది. నేను గీసేదాకా అది తెరిచి చూడలేదు. ఇప్పుడు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టాను, చూడు.” తెర మీద రెండు గీతలు, ఎరుపు లోపల, పచ్చ బయట. “ఎర్రది గీసినవాళ్ళు, అంచు ఇదా అదా అని అనుమానం వచ్చిన ప్రతి చోటా లోపలికే కోశారు. ఒక్క చోట కూడా బయటికి పోలేదు. చేతకాక కాదు. చెయ్యి బాగా తిరిగిన మనిషే. భయపడుతూ గీశారు.”

ఆవిడ తెర మీది ఎర్ర గీతనే చూస్తోంది.

“నీ చెయ్యే కదమ్మా ఇది?”

“అవును.”

“పిల్లదా?”

తల ఊపింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు.

“నాది విని సంబరపడకు,” అన్నాడు తాత. “నా గీతా గీతే. రేపు ఇంకొకరు గీస్తే ఇంకోటి వస్తుంది. ఇన్నేళ్ళు వేల మందిని కొలిచాం, రక్తాలు తీశాం. ఆ జబ్బు తాలూకు జన్యువుల వాటా ఎక్కువున్న వాళ్ళందరి సగటూ, తక్కువున్న వాళ్ళందరి సగటూ పక్కపక్కన పెడితే మధ్యలో ఉన్న తేడా వెంట్రుకవాసి. గుంపు గురించి చెప్పే మాట అది. గుంపులో ఉన్న ఒక్క పిల్ల గురించి అది ఏమీ చెప్పదు. ఈ సంగతి బయట బెంచీ మీద కూర్చున్న తల్లులకి నువ్వే చెప్తావు. నేను విన్నాను.”

“వాళ్ళకి చెప్పడం తేలిక.”

“అదీ నిజమే,” అన్నాడు తాత, బొమ్మను మూసేస్తూ.

*

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. తండ్రి షాపు తెరవలేదు. శనివారం ఎప్పుడూ మూయని మనిషి. తండ్రీ కూతుళ్ళు బల్ల దగ్గర చెరో పక్క కూర్చుని ఉన్నారు. మధ్యలో ఫోను, దాని పక్కన రైలు బడి వాళ్ళ ఉత్తరం.

“చేశావా?” అంది తల్లి రొప్పుతూ.

“ఇంకా లేదు. నాన్న నువ్వొచ్చేదాకా ఆగమన్నాడు.”

“చెయ్యకు. మళ్ళీ కొలిపించాను. మూడువేల మూడొందల పది! నీది మామూలే. అసలేమీ లేదు. నువ్వు వెళ్ళు, బట్టలు నేను సర్దుతాను.”

కూతురు లేవలేదు. “ముందు కొలిచిందెవరు?”

“నేనే.”

“ఇప్పుడు?”

“తాత. గీసేటప్పుడు నీదని ఆయనకు తెలీదు.”

“అంటే నాదని తెలిస్తే చిన్నదైంది, తెలియకపోతే పెద్దదైంది.”

“నా చెయ్యి భయపడిందే,” అంది తల్లి. “తెలిసి చెయ్యలేదు. ఒట్టు.”

“తాత కూడా తక్కువే చెప్పుంటే? అప్పుడు బట్టలు సర్దేదానివా?”

తల్లి బల్ల మీది ఉత్తరం మడతలు సరిచేయబోయింది. అబద్ధం చెప్పడానికి కూడా కొంచెం ముందుచూపు ఉండాలి.

“చూశావా,” అంది కూతురు. “నిన్న నువ్వు ఒక అంకె చెప్తే మంచానికి అతుక్కుపోయాను. ఇవాళ ఇంకో అంకె చెప్తే రైలెక్కాలా? రేపు ఇంకెవరో ఇంకో అంకె చెప్తే దిగిపోవాలా?” గొంతు మొదటిసారి పెరిగింది. “పొద్దున్న పళ్ళు తోముకుంటూ అద్దంలో నన్ను నేనే అనుమానంగా చూసుకున్నానమ్మా. అది ఏ అంకెతో పోతుంది?”

“ఇంజనమ్మా…” అన్నాడు తండ్రి.

“ఉండు నాన్నా.” పిల్ల తల్లి వైపే చూస్తోంది. “నీదెంత?”

“ఏంటి?”

“నీదెంత? తమ్ముణ్ణి కొలిచావు. కూతుర్ని కొలిచావు. మధ్యలో నువ్వున్నావు కదా. పదిహేడేళ్ళు ఆ మెషీను పక్కనే ఉండి ఒక్కసారీ కొలుచుకోలేదా?”

తల్లి కుర్చీ లాక్కుని కూలబడింది.

“పద్నాలుగేళ్ళ కింద,” అంది తల్లి. “అప్పటి మెషీను సరిచూడ్డానికి మేమంతా తలా ఒకసారి పడుకున్నాం. తాతే గీశాడు, ఎవరిదో తెలియకుండానే. నా నంబరు నాకు తెలుసు కాబట్టి నేను వెతుక్కున్నాను.”

“ఎంత?”

“రెండువేల ఏడొందల ఎనభై.”

కూతురికి లెక్క తట్టడానికి ఎప్పుడూ ఇంతసేపు పట్టదు. “మామయ్యకంటే తక్కువ.”

“మామయ్యకంటే తక్కువ.”

“నీకేమీ రాలేదు.”

“రాలేదు. ఇవాళ్టిదాకా రాలేదు.”

ఆ ‘ఇవాళ్టిదాకా’ దగ్గర తండ్రి చెయ్యి కళ్ళద్దాల దాకా వెళ్ళి ఆగిపోయింది. తీయలేదు. “పద్నాలుగేళ్ళు,” అన్నాడు. “ఒకే ఇంట్లో ఉన్నాం. ఒక్క మాట చెప్పలేదు.”

“చెప్తే మీరు నన్ను చూసే చూపు మారిపోతుందని. పొయ్యి కట్టడం మర్చిపోతే మామూలుగా మర్చిపోయాననుకునే ఇల్లు ఒక్కటైనా ఉండాలని.” తల్లి బల్ల అంచు మీద గోటితో గీస్తోంది. “నేనైతే ఏది మర్చిపోయినా లోపల ఒక లెక్క రాసుకునేదాన్ని. పొద్దున లేవగానే ముందు నన్ను నేను పలకరించుకుని చూసుకునేదాన్ని, సరిగ్గానే ఉన్నానా అని.”

“నీకు రాలేదని తెలిసీ, నాకు వస్తుందని ఎలా అనుకున్నావు?” అంది కూతురు. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

తల్లి బల్ల అంచు మీద గీస్తున్న గోరు ఆపింది. “నాకు రాలేదు కాబట్టే. నా వంతు తప్పించుకున్నాను, అది ఎక్కడికి పోతుంది, నీకే వచ్చి ఉంటుంది అనుకున్నాను. అలా జరగదని నాకు తెలుసు. పాఠం చెప్పమంటే చెప్తాను. అయినా అలాగే అనుకున్నాను.”

కూతురు లేచింది. తల్లి దగ్గరికి వస్తుందేమో అని తండ్రి అనుకున్నాడు. తల్లి కూడా అనుకుంది. పిల్ల ఫ్రిజ్ పక్కన గోడకు అంటించిన నంబర్ల కాగితం దగ్గరికి వెళ్ళింది. గ్యాసు, డాక్టరు, కరెంటు ఆఫీసు, అన్నిటికంటే కింద ఒక నంబరు.

“ఇది మామయ్య ఉండే చోటుదే కదా?”

“ఎందుకు?”

“ఇంతసేపూ మనం ఆయన తల గురించే మాట్లాడుతున్నాం. మనిషి ఎలా ఉంటాడో నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు. నాకు పదేళ్ళప్పుడు చూశాను. ఈల భలే వేసేవాడు. తర్వాత నువ్వు తీసుకెళ్ళలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం డబ్బాలో అన్నం పెట్టుకుని నువ్వొక్కదానివే వెళ్తావు.”

“వద్దు. ఇప్పుడొద్దు.”

“రైలు బడికి రెండింటిదాకా టైముంది. ముందు ఆయన్ని చూసి, తర్వాత వాళ్ళకి ఏం చెప్పాలో చెప్తాను.” అప్పటికే నంబరు నొక్కేసింది. అందరికీ వినబడేలా ఫోను బల్ల మీద పెట్టింది.

ఆ చోటు ఊరి అవతలి కొసన ఉంది. జబ్బు నుంచి తేరుకున్నవాళ్ళు పదిమంది కలిసి ఉంటారు, పాత పుస్తకాలకు అట్టలు కుట్టి బతుకుతారు. ఫోను ఎత్తిన గొంతు కొంచెం నెమ్మదిగా ఉంది, వినగానే తల్లి తల ఎత్తింది.

“పుస్తకాల షెడ్డండీ. ఎవరు కావాలి?”

“మామయ్యా? నేను. నీ మేనకోడల్ని.”

అవతల ఏదో కింద పెట్టిన చప్పుడు. “ఇంజనువా?”

“నీకెలా తెలుసు ఆ పేరు?”

“మీ నాన్న పెట్టినప్పుడు నేనక్కడే ఉన్నాను. వెనక పెట్టెలో కూర్చున్న ఒకే ఒక్క ప్యాసింజర్ని నేనే.”

పిల్ల మొహం మీద నిన్నటి నుంచి లేని వెలుగు ఒకటి వచ్చింది. “నిన్ను చూడ్డానికి ఇప్పుడు రావచ్చా?”

“రా తల్లీ. నాకేం పనులున్నాయి, జిగురు ఆరాలి, అంతే. కుదిరితే అక్కను కూడా తీసుకురా. చూసి ఏడేళ్ళయింది.”

తండ్రి తల ఎత్తాడు. కూతురు ఫోను వైపు కాదు, తల్లి వైపు చూసింది.

“ఏడేళ్ళేంటి మామయ్యా? అమ్మ నెలనెలా వస్తుంది కదా?”

“లేదమ్మా,” అన్నాడు ఆయన తడబడుతూ. అక్కను ఇరకాటంలో పెట్టానని ఆయనకు అర్థమైంది. “పనులుంటాయి కదా. నేనేమీ అనుకోలేదు.”

“అమ్మా. మరి ఆ డబ్బా పట్టుకుని ఎక్కడికి వెళ్తున్నావు?”

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. “ఆఫీసుకి,” అంది తల్లి. “ఆదివారం అక్కడెవరూ ఉండరు. వాడి బొమ్మ తెర మీద పెట్టుకుని కూర్చుంటాను. అక్కడే తిని వచ్చేస్తాను. వాణ్ణి చూడాలంటే నాకు భయమే. వాడి మొహంలో నేను కనబడతాను. బొమ్మలో అయితే మొహం ఉండదు కదా.”

ఫోను అక్కడే బల్ల మీద ఉందన్న సంగతి చివరి మాట అనేదాకా ఆవిడకు గుర్తు రాలేదు.

అవతలి నుంచి ఆ నెమ్మది గొంతు, తప్పు పట్టకుండా, నిజంగా అర్థం కానివాడిలా అడిగింది.

“బొమ్మెందుకక్కా? నేను ఇక్కడే ఉన్నాను కదా.”

తండ్రి లేచి తాళాలు తీసుకున్నాడు. కూతురు చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. గోడ గడియారం ఒంటిగంట దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది.

“బయల్దేరుతున్నాం మామయ్యా,” అంది పిల్ల, తల్లి మొహం మీద నుంచి చూపు తిప్పకుండా. “ముగ్గురం.”

తల్లి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఉంది. ఇంకా లేవలేదు.